లైటేదిరా అల్లుడూ!

వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాసివ్వమని వార్డెన్ సారు నోటీసు బోర్డులో కాగితం అంటించగానే మా రూములో నలుగురికి ముగ్గురు కవులైపోయారు. ఒకడు అమ్మ మీద రాశాడు, ఒకడు అంబేడ్కర్ గారి మీద రాశాడు, ఇంకొకడు ప్రేమ మీద రాశాడు (పేరు చెప్పను, హాస్టలంతటికీ తెలుసు). నాకు కవిత్వం రాదు. ఎమ్మెస్సీ ఫిజిక్సు చదువుతున్నాను కాబట్టి నాకు తెలిసిన ఒక సంగతి రాస్తాను. కెమెరా ఫ్లాషు వేడెక్కడం గురించి.

నవ్వకండి మిత్రులారా. ఆ వేడికి నా వేళ్ళు కాలాయి, మా మామయ్య డబ్బులు కాలాయి, ఎనిమిది నెలల పాటు ఒక అబద్ధం నా కడుపులో ఉండిపోయింది.

మాది ప్రకాశం జిల్లాలో పొగాకు పండించే ఊరు. మాకు పొలం లేదు. నాన్న రైతుల బ్యారన్ల దగ్గర పొగాకు కాల్చే పనికి వెళతాడు, అమ్మ ఆకు గుచ్చే పనికి వెళుతుంది. ఆరో తరగతి నుంచీ నేను హాస్టల్ పిల్లవాణ్ణే. మా ఇంట్లో డిగ్రీ పట్టా చేత్తో పట్టుకున్న మొదటివాణ్ణి కూడా నేనే. అమ్మ దాన్ని పాలిథిన్ కవర్లో పెట్టి బియ్యం డబ్బా మీద దాచింది, చెదలు అక్కడికి ఎక్కవని.

మా మేనమామకి మండలం సెంటర్లో చిన్న ఫొటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళ సీజన్లో నేను ఆయనకి అసిస్టెంటుని. అసిస్టెంటంటే పెద్దగా ఊహించుకోకండి. కర్ర చివర ఫ్లాషు బిగించి, దాన్ని పైకెత్తి, ఆయన ఎటు తిరిగితే అటు తిరగడం. ఆయన కెమెరా మీద ట్రిగ్గరు ఉంటుంది, అది నొక్కితే నా కర్ర మీది ఫ్లాషు వెలుగుతుంది. పెళ్ళికి 700 ఇస్తాడు, భోజనం వాళ్ళే పెడతారు. నా పరీక్ష ఫీజులు, పుస్తకాలు, బస్సు ఛార్జీలు అన్నీ ఆ కర్ర మోసి సంపాదించినవే.

2025 మేలో ఒక పెళ్ళి ఒప్పుకున్నాం. ఎవరిదో, ఏ ఊరో చెప్పను. రాత్రి ముహూర్తం. పెద్ద ఫంక్షన్ హాలు, పైన ఎత్తైన కప్పు, దానికి నల్ల గుడ్డ కట్టి చిన్న చిన్న దీపాలు వేలాడదీశారు. చూడ్డానికి చాలా బాగుంది, ఫొటోగ్రాఫరుకి మాత్రం అది శత్రువు. మామూలుగా ఫ్లాషుని తెల్ల కప్పు మీదికి కొడతాం, వెలుగు అక్కడ తగిలి మెత్తగా కిందికి దిగుతుంది. నల్ల గుడ్డ ఆ వెలుగుని తాగేస్తుంది. అందుకని నేరుగా మనుషుల మీదికే కొట్టాలి. మంటపం చుట్టూ చుట్టాలు కమ్ముకున్నారు కాబట్టి నేను దూరంగా ఉండాలి. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతే చేరుతుంది, ఇది ఇంటర్మీడియట్ పిల్లలకి కూడా తెలుసు.

ఇవి కాకుండా ఇంకో కారణం ఉంది. ఫొటోలు మొదలుపెట్టకముందే పెళ్ళికూతురి నాన్నగారు మామయ్యని పక్కకి పిలిచి, "అమ్మాయి కొంచెం చామనఛాయ. ఫొటోల్లో తెల్లగా పడాలి, చూసుకో" అన్నారు. ఈ మాట మాకు కొత్త కాదు. పదింట ఎనిమిది పెళ్ళిళ్ళలో ఎవరో ఒకరు అంటారు. అన్నప్పుడల్లా మామయ్య నావైపు చూసి రెండు వేళ్ళు పైకి చూపిస్తాడు. పవరు పెంచమని గుర్తు. మన హాస్టల్ గుర్తింపు కార్డు మీద నా ఫొటో చూసినవాళ్ళు నన్ను నమ్మరు, అందులో నేను ఎవరో కోమటాయన కొడుకులా తెల్లగా ఉంటాను. అది తీసింది కూడా మామయ్యే.

సరే, ఫుల్ పవర్లో పెట్టాను. దీపాల పసుపు రంగుకి కలవాలని ఫ్లాషు మూతికి ఆరెంజ్ జెల్ కాగితం టేపుతో అంటించాను. ఎనిమిది గంటలకి స్టేజీ మీదికి చుట్టాల వరస మొదలైంది. ఒకరు దిగకముందే ఇంకొకరు. మధ్యలో రెండుసార్లు సెల్లులు మార్చాను. రెండోసారి తీసేటప్పుడు సెల్లులు ఎంత వేడిగా ఉన్నాయంటే ఒకటి చేతిలోంచి జారి కుర్చీల కింద పడింది. అప్పుడైనా ఆగి ఉండాల్సింది.

పదిన్నర దాటాక ముహూర్తం. జీలకర్ర బెల్లం దగ్గర మామయ్య వరసగా కొట్టాడు. ఆ తర్వాత పంతులుగారు మంగళసూత్రం అందుకోగానే నా ఫ్లాషు తెర మీద థర్మామీటరు బొమ్మ వెలిగింది. వేడి ఎక్కువైంది, చల్లారేదాకా కొట్టను అని దాని భాష. బాజాలు మోగుతున్నాయి, అక్షింతలు పడుతున్నాయి, మామయ్య నొక్కుతున్నాడు, వెలుగు లేదు.

"లైటేదిరా అల్లుడూ!"

ఆ కేక నాకిప్పటికీ వినిపిస్తుంది. ఆ పాత ఫ్లాషులో వేడి రక్షణని ఆపేసే వీలు మెనూలోనే ఉంది. ఎందుకు ఇచ్చారో తెలియదనలేను, ఇలాంటి సమయంలో వాడుకోమనే ఇచ్చారు, నీ పూచీ మీద అని. నేను ఆపేశాను. వెంటనే వెలిగింది. ఒకటి, రెండు, మూడు... మొదటి ముడి పడింది. రెండో ముడి దగ్గర ఠప్పుమని శబ్దం, కాలిన ప్లాస్టిక్ వాసన. అంతే. మూడో ముడికి నా కర్ర చివర చీకటి.

మామయ్య ఐఎస్ఓ పెంచేసి వీడియో వాళ్ళ లైటులోనే మిగతావి లాగించాడు. మూడుముళ్ళ ఫొటో గరుకుగా, మసకగా వచ్చింది. అందులో పెళ్ళికూతురు తన అసలు రంగులోనే ఉంది, తల వంచుకుని, చెంప మీద పసుపుతో. నా కళ్ళకి బాగానే ఉంది. వాళ్ళ నాన్నగారి కళ్ళకి లేదు. ఇవ్వాల్సిన 20 వేలలో 8 వేలు కోసేశారు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మామయ్య అడిగాడు, "ఏమైందిరా?"

"దానంతటదే పోయింది మామయ్యా. పాతది కదా" అన్నాను.

అదీ నా అబద్ధం. ఆ ఫ్లాషు ఆయన 9 వేలకి సెకండ్ హ్యాండులో కొన్నది. ఇంకా అప్పు తీరలేదని కూడా నాకు తెలుసు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది డబ్బు కాదు. నేను ఎమ్మెస్సీ ఫిజిక్సు. కండెన్సరులో నిలవుండే శక్తి సూత్రం ఇంటర్ నుంచి ఇప్పటిదాకా ఎన్ని పరీక్షల్లో రాశానో లెక్కలేదు. రాసి మార్కులు తెచ్చుకున్నాను. అదే కండెన్సరు కర్ర చివర నా నెత్తి మీద ఉంటే ఒక్కసారి కూడా లెక్క వేయలేదు.

ఆ తర్వాత వేశాను. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ కాస్త ఓపిగ్గా చదవండి.

ఫ్లాషులో ఉండేది వేలెడంత గాజు గొట్టం. అందులో జెనాన్ వాయువు ఉంటుంది. 1898లో రామ్సే, ట్రావర్స్ కనిపెట్టిన వాయువు. గొట్టంలో కరెంటు మెరుపుతో ఫొటోలు తీయడాన్ని 1930లలో అమెరికాలో ఎంఐటీలో హెరాల్డ్ ఎడ్జర్టన్ అనే ప్రొఫెసరు ముందుకు తీసుకెళ్ళాడు. గొట్టం వెనక ఒక పెద్ద కండెన్సరు. సుమారు 1400 మైక్రోఫారడ్లు, 330 ఓల్టులు అనుకుంటే అందులో 76 జౌళ్ళ శక్తి ఉంటుంది. అది సెకనులో వెయ్యోవంతు అటూ ఇటూగా ఖాళీ అయిపోతుంది. భాగించి చూడండి, ఆ ఒక్క క్షణం 76 కిలోవాట్లు! మా ఊరి పొలాల్లో మోటార్లన్నిటికీ కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మరు 63 కేవీఏది. గుప్పెట్లో పట్టే ప్లాస్టిక్ డబ్బా ఆ క్షణానికి దాన్ని మించిపోతుంది.

ఇప్పుడు సెల్లుల వైపు నుంచి లెక్క వేద్దాం. ఛార్జింగ్ సెల్లు ఒక్కోటి 1.2 ఓల్టులు, 2000 మిల్లీ ఆంపియర్ అవర్లు. నాలుగింటిలో కలిపి సుమారు 34,500 జౌళ్ళు. 76తో భాగిస్తే ఫుల్ పవర్లో 450 సార్లు వెలగాలి. నిజానికి 200 సార్లు వెలిగితే గొప్ప. మిగిలిందంతా ఏమైంది? సెల్లుల లోపలి నిరోధంలో, 5 ఓల్టుల్ని 330 చేసే సర్క్యూట్లో వేడిగా మారింది. అంటే ఒక్కో ఫుల్ ఫ్లాషుకి సెల్లుల నుంచి దాదాపు 180 జౌళ్ళు లాగుతున్నాం. మూడు సెకన్లకొకటి చొప్పున నిమిషానికి 20 కొడితే సరిగ్గా 60 వాట్లు. వెలుగుగా బయటికి పోయేది అందులో కొంతే. పాతకాలం 60 వాట్ల బల్బుని చిల్లి లేని ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో పెట్టి మూత బిగించి వెలిగించినట్టు ఊహించుకోండి. ఫ్లాషులో ఫ్యాను ఉండదు, గాలి ఆడే సందు ఉండదు. పైగా నేను మూతికి ఆరెంజ్ కాగితం అంటించాను. ఆ కాగితం నారింజ వెలుగుని పోనిచ్చి మిగతా రంగుల్ని తనలో ఉంచుకుంటుంది. ఉంచుకున్నదంతా వేడే. వెలుగు దూరం పోవాలని జూమ్ కూడా పెంచాను.

పెద్ద కంపెనీలకే ఈ తలనొప్పి తప్పలేదు. నికాన్ వాళ్ళ ఎస్‌బీ-900 అనే ఫ్లాషు 2008లో వచ్చింది. వేడెక్కితే పూర్తిగా ఆగిపోయేది. పెళ్ళి ఫొటోగ్రాఫర్లు గగ్గోలు పెట్టారు. 2011లో వచ్చిన ఎస్‌బీ-910లో పద్ధతి మార్చారు, ఆగిపోకుండా, వేడి పెరిగే కొద్దీ మళ్ళీ సిద్ధమవడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. నాకిది చదివినప్పుడు సిగ్గేసింది. ఇంజినీర్లు మూడేళ్ళు కూర్చుని, ఎలా ఆగితే మనిషి తట్టుకుంటాడా అని ఆలోచించారు. నేను మూడు సెకన్లలో ఆ కాపలావాణ్ణి ఇంటికి పంపించాను.

జూన్లో ఒక పోటీ పరీక్ష రాయడానికి హైదరాబాదు వెళ్ళినప్పుడు ఆ ఫ్లాషుని సంచిలో వేసుకుని కోఠికి పోయాను. రిపేరు చేసే పెద్దాయన ముందు చేసిన పని స్క్రూలు విప్పడం కాదు, నన్ను తిట్టడం. దారిలో మూత ఊడదీసి చూశానని చెప్పాను మరి. సెల్లులు తీసేసినా కండెన్సరులో 300 ఓల్టులు చాలాసేపు ఉంటాయి. మన ఇళ్ళలో కరెంటు 230. ఆయన రెండు తీగలున్న మామూలు బల్బు తీసుకుని కండెన్సరు కాళ్ళకి తాకించాడు, బల్బు ఒక్కసారి భగ్గుమని ఆరిపోయింది. నెలరోజులుగా మూలపడున్న ఫ్లాషులో అంత మిగలదని నేననుకున్నాను. "ఇందాక సెల్లులేసి ఆన్ చేసి చూశావా?" అన్నాడు. చూశాను. "అదే నీ చేతికి తగిలుంటే?" అన్నాడు. దయచేసి ఎవరూ ఫ్లాషు మూత విప్పకండి. ఈ వ్యాసంలో ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఇది గుర్తుంచుకోండి.

లోపల చూస్తే ముందరి ప్లాస్టిక్ అద్దం గోధుమరంగుకి మాడి మధ్యలో గుంట పడింది. ఆరెంజ్ కాగితం దానికి కరిగి అతుక్కుపోయింది. గాజు గొట్టం రెండు చివరలూ నల్లబడి, ఒకచోట చీలింది. గొట్టం, అద్దం మార్చడానికి 1,800 తీసుకున్నాడు. నా స్కాలర్‌షిప్పు డబ్బు. మామయ్యకి "తెలిసినవాళ్ళు ఊరికే చేసిచ్చారు" అని చెప్పాను. అబద్ధానికి ఇంకో అబద్ధం తోడైంది.

తర్వాత మా డిపార్టుమెంటు ల్యాబులో సారుని అడిగి, అద్దం పక్కన థర్మిస్టరు అంటించి కొలిచాను. మొదట 32 డిగ్రీలు. మూడు సెకన్లకొకటి చొప్పున ఫుల్ పవర్లో 20 కొడితే నిమిషంలో 49కి పోయింది. ఇంకో 10 కొడితే 57. అక్కడ ఆపాను, ధైర్యం చాలలేదు. పదినిమిషాలు ఊరికే వదిలేస్తే 41కి దిగింది. మొత్తం చల్లారడానికి అరగంట దాటింది. ఫ్లాషుల వెంట వచ్చే కాగితాల్లో వరసగా 20, 30 కొట్టాక కనీసం పదినిమిషాలు ఆపమని రాసుంటుంది. ఆ కాగితాన్ని మా స్టూడియోలో మిక్చర్ పొట్లానికి వాడేశారు.

పవరు సగం చేస్తే వేడీ దాదాపు సగమే. ఐఎస్ఓ 400 బదులు 1600 పెడితే నాలుగోవంతు పవరు చాలు. ఇప్పటి కెమెరాల్లో 1600కి ఫొటో ఏమీ పాడవదు. మొహం తెల్లగా పడాలనే పట్టుదల ఒకటి పక్కన పెడితే ఆ రాత్రి ఫుల్ పవర్ అవసరమే లేదు. పగటిపూట ఎండలో హై స్పీడ్ సింక్ వాడేవాళ్ళు మాత్రం మరింత జాగ్రత్తగా ఉండాలి. అందులో గొట్టం ఒక్కసారి మెరిసి ఊరుకోదు, షట్టరు కదిలినంతసేపూ ఆగకుండా మెరుస్తూనే ఉంటుంది.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళాను. నాన్న రాత్రి బ్యారన్ దగ్గర ఉన్నాడంటే అన్నం క్యారేజీ తీసుకెళ్ళాను. చూడనివాళ్ళకి చెబుతున్నాను, బ్యారన్ అంటే ఎత్తైన గది. లోపల కర్రలకి గుచ్చిన పచ్చి ఆకు, కింద ఇనుప గొట్టాలు, బయట కట్టెల పొయ్యి. ఐదారు రోజులు మంట ఆరకూడదు, ఎక్కువా కాకూడదు. మొదట వంద డిగ్రీల లోపు ఉంచి ఆకు పసుపెక్కనివ్వాలి, అక్కణ్ణుంచి మెల్లగా పెంచుతూ చివరికి 160 దాకా తేవాలి. ఇవి ఫారన్‌హీట్ డిగ్రీలు. తొందరపడి పెంచితే ఆకు నల్లబడుతుంది, రైతు మునుగుతాడు. మా నాన్న సంతకం చేయలేడు గానీ థర్మామీటరు చదువుతాడు. చిన్న కిటికీలోంచి టార్చిలైటు వేసి చూసి, వెనక్కొచ్చి పొయ్యిలోంచి ఒక కట్టె బయటికి లాగుతాడు. రాత్రంతా అదే పని.

ఆయన తింటుంటే ఎందుకో మొత్తం చెప్పేశాను. బొమ్మ వెలగడం, నేను ఆపేయడం, మామయ్యకి చెప్పకపోవడం. కండెన్సరు ఆయనకి ఎలా చెప్పాలో తెలియక తడబడ్డాను. ఆయనకి కండెన్సరు అక్కర్లేకపోయింది.

"అంటే థర్మామీటరుకి గుడ్డ కప్పి కట్టెలు ఎగదోశావన్నమాట" అన్నాడు. చేయి కడుక్కున్నాక, "మామయ్యకి చెప్పిరా" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే స్టూడియోకి వెళ్ళాను. ల్యాబులో గీసిన గ్రాఫు కాగితం కూడా తీసుకెళ్ళాను, ఉత్త చేతులతో క్షమాపణ చెప్పడం కష్టమనిపించి. మామయ్య ఎవరివో పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరిస్తున్నాడు. చెప్పాను. కత్తెర ఆపలేదు.

"తెలుసులేరా. ఆ రాత్రే మెనూ చూశాను. నువ్వు ఆఫ్‌లో పెట్టి అలాగే వదిలేశావు" అన్నాడు.

"మరి అడగలేదేం మామయ్యా?"

"అరిచింది నేనేగదా" అన్నాడు. కాసేపాగి, "కోఠిలో ఎంతయింది?" అన్నాడు.

1,800 అని చెప్పాను. అందులో సగం నాకిచ్చాడు. వద్దంటే తిట్టాడు. గ్రాఫు కాగితం మాత్రం తీసుకుని, బాగా చూసి, ఫ్లాషు పెట్టే బ్యాగు మూత లోపల టేపుతో అంటించాడు. ఇంకా సెకండ్ హ్యాండులో రెండో ఫ్లాషు వెతుకుతున్నాడు, ఒకటి చల్లారేలోపు ఒకటి వాడుకోవడానికి. తెల్లగా రావాలన్నప్పుడు రెండు వేళ్ళు చూపించడం మాత్రం ఇంకా మానలేదు. నేను చూడనట్టు ఉంటున్నాను.

ఇంతకీ ఇదంతా ఇక్కడ ఎందుకు రాశానంటే, మన వార్షికోత్సవానికి ఫొటోలు నేనే తీస్తున్నాను. మామయ్య ఆ ఫ్లాషే ఇస్తున్నాడు. మనం హాస్టల్లో 180 మందిమి, అందరికీ రూముల వారీగా గ్రూప్ ఫొటో కావాలి, ఆపైన వార్డెన్ సారుతో ఒకటి, వంట మాస్టరుతో ఒకటి. నేను మధ్యలో ఫ్లాషు దించి పదినిమిషాలు ఊరికే కూర్చుంటే బ్యాటరీ అయిపోయిందని కేకలు వేయకండి. ఈలోగా తల దువ్వుకోండి. పౌడరు మాత్రం రాసుకోనక్కర్లేదు, ఎవరి రంగు వాళ్ళకే వచ్చేట్టు తీస్తాను.